మన లెక్క భద్రం, వారి లెక్క గోప్యం

ప్రభుత్వ శాఖలు ఈ మధ్య బాగా వంటబట్టించుకున్న మాట ఒకటుంది: ‘సమాచారమంతా పబ్లిక్ డొమైన్‌లోనే ఉందండీ!’ ఇంత సుఖమైన జవాబు మరొకటి లేదు. ఉందంటారు, ఎక్కడుందో చెప్పరు. వెతుక్కోమంటారు, దొరక్కపోతే నీకు వెతకడం రాదంటారు. హరి అంతటా ఉన్నాడన్న ప్రహ్లాదుణ్ణి హిరణ్యకశిపుడు నిలదీస్తే, ఆ పిల్లవాడు కనీసం ఒక స్తంభం దగ్గరైనా ఔనన్నాడు. మన కార్యాలయాల్లో అంత ధైర్యమున్న గుమాస్తా ఇంకా పుట్టలేదు.

ఈ విద్యలో మిగతా శాఖలన్నిటికీ పోలీసు శాఖే గురుపీఠం. నిధులెన్ని, బండ్లెన్ని, బోట్లెన్ని, అందులో కదిలేవెన్ని, మీ మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని తేలాయి అని అడిగితే ఏ రాష్ట్రంలోనైనా జవాబు నత్తనడకే. అయితే ఈ వ్యవస్థ సౌందర్యాన్ని అడ్డంకులు లేకుండా చూడాలంటే అండమాన్ నికోబార్ ద్వీపాలకు వెళ్లాలి. అక్కడ శాసనసభ లేదు. అంటే, అడిగే సభ్యుడు లేడు, జవాబు చెప్పే హోంమంత్రి లేడు, వాకౌట్ చేసే ప్రతిపక్షమూ లేదు. పోలీసు శాఖ, ప్రజలు, మధ్యలో సముద్రం. అంతే.

‘ఎక్కడో కాలాపానీ సంగతి మనకెందుకు?’ అనుకోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో ఉన్నది 3.80 లక్షల మంది. అందులో 50 వేల మందికి పైగా, అంటే దాదాపు 13 శాతం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే నాలుగో స్థానం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వలలు భుజాన వేసుకుని వెళ్లినవాళ్లు, కూలికెళ్లి అక్కడే స్థిరపడినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. విశాఖ రేవులో ఓడెక్కితే రెండు రోజులు దాటాక దిగే ఊరది. మొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్, 2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురం. బోర్డు మార్చడంలో ప్రభుత్వం ఎంత చురుకైనదో దీన్ని బట్టి తెలుస్తుంది. బోర్డు వెనకాల ఉన్న పద్దు పుస్తకం తెరవడంలోనే కాస్త నెమ్మది.

ముందు డబ్బు సంగతి. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో అండమాన్ నికోబార్ ద్వీపాలకు కేటాయించింది 6,212 కోట్ల రూపాయలు. ఇది కేంద్ర హోంశాఖ పద్దుల్లో ఒక డిమాండుగా పార్లమెంటు ముందుకు వెళుతుంది. అక్కడ ద్వీపాల తరఫున కూర్చునేది ఒకే ఒక్క లోక్‌సభ సభ్యుడు. రాజ్యసభలో ఆ ఒక్కడూ లేడు. చర్చకు సమయం చాలకపోతే మిగిలిన డిమాండ్లన్నీ ఒక్క ఊపులో గిలెటిన్ చేసి ఆమోదించడం మన పార్లమెంటుకు అలవాటే. ఇక స్థానికంగా మునిసిపల్ కౌన్సిలుంది, జిల్లా పరిషత్తుంది, పంచాయతీలున్నాయి. మురుగుకాలువ గురించి గొంతు చించుకుని అడగొచ్చు. క్యాంప్‌బెల్ బే పోలీసు బోటుకు నెలకు ఎంత డీజిలు ఇస్తున్నారని అడగడానికి ఆ మూడింటిలో ఒక్కదానికీ అధికారం లేదు.

మనుషుల సంగతికొస్తే, దేశంలో జనాభాకు పోలీసుల నిష్పత్తి అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో అండమాన్ ఒకటి. దేశం మొత్తం మీద లక్ష మందికి మంజూరైన పోలీసులు సుమారు 195. నిజంగా ఉన్నది 155 చిల్లర. అండమాన్‌లో ఇది అంతకు ఎన్నో రెట్లు. తప్పేమీ లేదు. ఉత్తరం నుంచి దక్షిణం కొసకు ఏడు వందల కిలోమీటర్లకు పైగా ద్వీపాల వరస, అడవి, ఆదిమ తెగల రక్షణ, పక్కనే మయన్మార్, ఇండోనేసియా. పోలీసులు కావాలి. కానీ ఎంతమంది ఉన్నారన్నది గొప్ప కాదు, ఎక్కడున్నారన్నది లెక్క. ఎందరు స్టేషన్లలో, ఎందరు బోట్లలో, ఎందరు పెద్దవాళ్ల ఇళ్ల గేట్ల దగ్గర? ఈ చివరి ప్రశ్నకు జవాబు మన తెలుగు రాష్ట్రాల్లోనే దొరకదు. ద్వీపంలో దొరుకుతుందని ఆశించడం అత్యాశ.

మరి ఏ లెక్కలు దొరుకుతాయి? బోలెడు దొరుకుతాయి. హెల్మెట్ లేనివాళ్లకు ఎన్ని చలాన్లు రాశారు, ఎన్ని అవగాహన సదస్సులు పెట్టారు, ఎన్ని మొక్కలు నాటారు, ఎంత నాటుసారా పారబోశారు అన్నవి ఏ పోలీసు శాఖనైనా అడక్కుండానే చెబుతాయి, ఫొటోతో సహా. పెళ్లిలో చదివింపులు మైకులో చదువుతారు, ఖర్చుల పుస్తకం మాత్రం బీరువాలో ఉంటుంది. ఇదీ అలాంటి పద్ధతే. కాకపోతే పెళ్లి ఖర్చు పెళ్లివారి సొమ్ము. ఇక్కడ సొమ్ము మనది, బీరువా వారిది.

ఇదేదో ఈ కాలపు జాడ్యం అనుకుంటే చరిత్రకు అన్యాయం చేసినట్టే. ఆ ద్వీపాల్లో లెక్కలు రాయడం మొదటి రోజు నుంచీ ఉంది. 1858 మార్చి 10న జె.పి. వాకర్ అనే జైలు అధికారి 200 మంది ఖైదీలతో ఓడ దిగాడు. ఆ తర్వాత అక్కడి ఖైదీల మెడలో ఒక చెక్క బిళ్ల వేలాడేది. దాని మీద ఖైదీ నంబరు, శిక్ష పడిన సెక్షను, శిక్ష వేసిన తేదీ, విడుదల తేదీ. సమాచార పారదర్శకతకు ఇంతకంటే గొప్ప నమూనా ప్రపంచంలో ఎక్కడుంది? ఏ దరఖాస్తూ అక్కర్లేదు, పది రూపాయల పోస్టల్ ఆర్డరూ అక్కర్లేదు. మనిషి ఎదురొస్తే చాలు, చదువుకోవచ్చు. వాకర్ మెడలో మాత్రం బిళ్ల లేదు. పారిపోయి దొరికిన 80 మందికి పైగా ఖైదీలను ఆయన ఒక్క రోజులో ఉరితీయించాడు. అది ఏ సెక్షను కింద అని అడగడానికి ఎవరి మెడా ఖాళీగా లేదు. తర్వాత 1896లో మొదలుపెట్టి 1906కి సెల్యులార్ జైలు కట్టారు. మన రంప తిరుగుబాటుదారులూ, కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారీ ఆ ద్వీపాల గాలి పీల్చినవాళ్లే. వాళ్ల గురించి ప్రభుత్వం దగ్గర ఎంత సమాచారం ఉండేదో చెప్పనక్కర్లేదు.

అంటే అక్కడ సమాచారం ఎప్పుడూ ఒకే దిక్కుకు ప్రవహించింది: కిందనుంచి పైకి. నూట అరవై ఏళ్లు దాటినా ప్రవాహం దిశ మారలేదు. మారిందల్లా చెక్క బిళ్ల స్థానంలో ఆధార్ కార్డు, ఫోన్ నంబరు, కెమెరా ఫుటేజీ.

పరికరాలుంటే చాలు పోలీసు వ్యవస్థ గట్టిపడుతుందనేవారికి ఆ ద్వీపాలే ఒక పాత పాఠం చెప్పాయి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో హోప్‌టౌన్ జెట్టీ దగ్గర హత్యకు గురయ్యాడు. చుట్టూ సాయుధ కాపలా. పొడిచింది షేర్ అలీ అఫ్రిదీ. చేతిలో ఉన్నది కత్తి. చిత్రమేమిటంటే ఆ షేర్ అలీ ఖైదీ కాకముందు పంజాబ్‌లో బ్రిటిష్‌వారి కొలువులో ఆశ్విక పోలీసు. భారతదేశంలో హత్యకు గురైన ఏకైక వైస్రాయిని చంపినవాడు మాజీ పోలీసు. ఆ రోజు కొరత తుపాకులది కాదు.

ఇప్పటి కాలానికి వద్దాం. 2025 మార్చి 29న ఒక అమెరికా యువకుడు మోటారు బిగించిన గాలి పడవలో కుర్మా డేరా తీరం నుంచి బయల్దేరి, ఎవరికీ ప్రవేశం లేని ఉత్తర సెంటినెల్ ద్వీపానికి వెళ్లాడు. కొబ్బరికాయ ఒకటి, డైట్ కోక్ డబ్బా ఒకటి కానుకగా తీసుకెళ్లాడు. ఒడ్డున ఈల ఊది, వీడియో తీసుకుని, ఇసుక సేకరించి సాయంత్రానికి తిరిగొచ్చాడు. తిరిగొస్తుంటే చూసింది స్థానిక మత్స్యకారులు. మార్చి 31న పోలీసులు అరెస్టు చేశారు. ఇంతకుముందు 2024 అక్టోబరులో కూడా అతను పడవ కట్టుకుని బయల్దేరబోతే ఆపింది హోటలు సిబ్బంది. ఇవి పోలీసులు వెల్లడించిన వివరాలే. 2018 నవంబరులో అదే ద్వీపంలో జాన్ అలెన్ చౌ అనే మతప్రచారకుడు ప్రాణం పోగొట్టుకున్న ఆరేళ్ల తర్వాత సంగతి ఇది. అంటే మన సముద్ర నిఘా వ్యవస్థలో హోటలు వెయిటరు మొదటి అంచె, వల వేసే మత్స్యకారుడు రెండో అంచె. మూడో అంచె విలేకరుల సమావేశం.

తీరప్రాంత భద్రతా పథకం మొదటి దశను కేంద్రం 2005లో మంజూరు చేసింది. ముంబై దాడుల తర్వాత రెండో దశ 2011లో మొదలైంది. ఆ పథకం కింద తీర పోలీసు స్టేషన్లు, బోట్లు, జెట్టీలు అన్ని తీర రాష్ట్రాలకూ వచ్చాయి. మంచిదే. మరి బోటు వచ్చిన మర్నాటి నుంచి దాని జీవితచరిత్ర ఎక్కడ రాస్తున్నారు? ఎన్ని గంటలు తిరిగింది, ఎన్ని నెలలు రిపేరులో పడుంది, ఇంజను విడిభాగం ఎక్కణ్ణుంచి రావాలి, నడిపేందుకు శిక్షణ పొందినవారు ఎందరు? కొన్నట్టు ప్రకటన వస్తుంది. పాడైనట్టు ప్రకటన ఎక్కడా చూడలేదు. ప్రభుత్వ బోట్లు అమరత్వం పొందినవని దీన్నిబట్టి అనుకోవాలి. ఇంకో తమాషా. 1970ల నాటి కొలత ప్రకారం అండమాన్ తీరం పొడవు 1,962 కిలోమీటర్లు. ఈ మధ్య కొత్త పద్ధతిలో కొలిస్తే 3,083 కిలోమీటర్లు తేలింది. కాగితం మీద తీరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది. గస్తీ కూడా కాగితం మీద ఆ మేరకు పెరిగే ఉంటుంది, అనుమానం లేదు.

2024 నవంబరులో బారెన్ దీవి దగ్గర ఒక మయన్మార్ చేపల పడవలో దాదాపు 6 వేల కిలోల మెథాంఫెటమిన్ దొరికింది. గుర్తించిందీ పట్టిందీ తీరరక్షక దళం. విమానం నుంచి కనిపెట్టి, పడవను శ్రీవిజయపురం తీసుకొచ్చి పోలీసులకు అప్పగించారు. 2019లో కార్ నికోబార్ దగ్గర 1,160 కిలోల కెటమిన్ పట్టింది కూడా వాళ్లే. ఈ రెండు పట్టివేతలూ చెప్పే సంగతేమిటంటే ఆ సముద్రంలో మత్తుమందుల రహదారి ఉంది. రహదారి ఉన్నచోట పట్టుబడినదాని కిలోలు అందరూ చెబుతారు. దర్యాప్తు చేసే స్టేషనులో ఎందరున్నారు, ల్యాబు నివేదికకు ఎన్ని నెలలు పడుతుంది, గతంలో పెట్టిన కేసుల్లో ఎన్నిటిలో శిక్ష పడింది? కిలోలు చెప్పినంత హుషారుగా ఈ అంకెలు ఎవరూ చెప్పరు. వాటికి ఫొటో బాగా రాదు మరి.

రహదారి అన్నాను కాబట్టి అసలు రహదారి సంగతి కూడా. అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాలనే ఆదిమ తెగ ఉండే అడవి మధ్యలోంచి పోతుంది. ఆ భాగాన్ని మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002 మేలో ఆదేశించింది. రోడ్డు ఇప్పటికీ నడుస్తోంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లు బారులు తీరతాయి, ముందూ వెనకా పోలీసు కాపలాతో కాన్వాయి కదులుతుంది. ఆగకండి, ఫొటోలు తీయకండి, తిండి విసరకండి అని బోర్డులు. 2012 జనవరిలో లండన్ ‘అబ్జర్వర్’ పత్రిక ఒక వీడియో బయటపెట్టింది: తిండి కోసం జారవా స్త్రీల చేత నృత్యం చేయిస్తున్న దృశ్యం. దీని కోసం ఒక పోలీసు లంచం తీసుకున్నాడని కూడా రాసింది. కాపలా కోసం పెట్టిన పోలీసు మీద ఇంతటి ఆరోపణ వస్తే అధికారుల మొదటి స్పందన ఏమిటి? ‘ఆ వీడియో పాతది.’ నాకు ఈ జవాబు ఎంతో నచ్చింది. అవమానానికి కాలపరిమితి ఉంటుందనీ, పాల ప్యాకెట్టు మీద ఉన్నట్టు దాని మీదా తేదీ చూడాలనీ అంతకుముందు నాకు తెలీదు. కాన్వాయిల సంఖ్య, ఒక్కో దానిలో బండ్ల సంఖ్య, నిబంధన ఉల్లంఘించినందుకు పెట్టిన కేసులు, వాటిలో పోలీసుల మీద పెట్టినవెన్ని అన్నవి నెలనెలా ఒక కాగితం మీద చెక్‌పోస్టు గోడకే అంటిస్తే ఈ పాతా కొత్తా గొడవే ఉండేది కాదు.

అడిగినవాడికి ఏమవుతుందన్నది కూడా ఆ ద్వీపాలే చూపించాయి. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో, ఒక స్థానిక పాత్రికేయుడు ట్విటర్‌లో పాలనా యంత్రాంగాన్ని ఒక ప్రశ్న అడిగాడు. కోవిడ్ రోగితో ఫోన్‌లో మాట్లాడినందుకు కుటుంబాల్ని ఇంట్లో క్వారంటైన్ చేయడమేమిటో ఎవరైనా వివరిస్తారా అని. వివరించారు. అరెస్టు చేసి వివరించారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాళ్లను చూశాం గానీ, అడిగినవాడి భుజం మీద చెయ్యేసి బండెక్కించడం కొత్త. మర్నాడు బెయిలొచ్చిందనుకోండి. కానీ ఆ తర్వాత ప్రశ్నార్థకం వాడాలంటే ద్వీపంలో ఎవరికైనా చెయ్యి వణకదా?

ఇక కెమెరాలు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి పోలీసు స్టేషనులోనూ సీసీ కెమెరాలు పెట్టమంది. గేటు దగ్గర, లాకప్‌లో, వరండాలో, ఇన్‌స్పెక్టరు గదిలో, అన్నిచోట్లా. మాటలు కూడా రికార్డవాలి, చీకట్లోనూ కనపడాలి, ఫుటేజీ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలి. వీటిని పర్యవేక్షించేందుకు రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో కమిటీలు వేయమంది. ఐదేళ్లు గడవబోతుండగా, 2025 సెప్టెంబరులో, రాజస్థాన్‌లో ఏడెనిమిది నెలల్లో 11 కస్టడీ మరణాలన్న పత్రికా వార్త చూసి కోర్టే మళ్లీ తనంతట తాను కేసు తీసుకోవాల్సి వచ్చింది.

మనవాళ్లు వెనకబడ్డారని అనుకోకండి. కెమెరాల్లో తెలుగువాళ్లను కొట్టేవాడు లేడు. 2021 మొదటికి దేశంలోని పోలీసు కెమెరాల్లో సగానికి పైగా, 2.8 లక్షలకు మించి, ఒక్క తెలంగాణలోనే ఉన్నట్టు కేంద్రం లెక్క. అన్నీ వీధిలోకి చూసేవే. వీధి కెమెరాలో గొలుసు దొంగ పోలిక కనిపించిందని మెదక్‌లో ఒక కూలీని పట్టుకెళ్లారు. 2023 ఫిబ్రవరిలో అతను ఆస్పత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని చనిపోయేముందు వీడియోలో చెప్పాడు. వీధిలో మనిషి ముఖం పోల్చగలిగిన వ్యవస్థకు స్టేషను లోపల ఏం జరిగిందో చెప్పే సమయానికి చూపు మందగిస్తుంది. అండమాన్‌లోని అబర్డీన్ స్టేషనైనా, రంగత్ స్టేషనైనా, మన మెదక్ స్టేషనైనా అడగాల్సింది ఒకటే: లోపలి కెమెరాలు ఎన్ని, కిందటి నెల అవి ఎన్ని రోజులు పనిచేశాయి, జిల్లా కమిటీ ఎన్నిసార్లు ఫుటేజీ చూసింది? మూడే అంకెలు. ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క చాలు.

‘ద్వీపం కదండీ, నెట్‌వర్క్ కష్టం’ అనేవారున్నారు. ఒకప్పుడు అది నిజం. అందుకే ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 సెప్టెంబరులో ఆదేశించిన సుప్రీంకోర్టు, భౌగోళికంగా సంధానం కష్టమైన చోట్లకు 72 గంటలదాకా వెసులుబాటు ఇచ్చింది. ఆ తర్వాత 1,224 కోట్ల రూపాయలతో చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేశారు. 2020 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించారు. కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్ దాకా తీగ వెళ్లింది. ఇప్పుడు హేవ్‌లాక్‌లో, అదే స్వరాజ్ ద్వీప్‌లో, పర్యాటకుడు మునకేసి పైకి లేవగానే రీలు ఎక్కిస్తున్నాడు. పద్దు పుస్తకం పీడీఎఫ్ మాత్రం ఇంకా ఈదుతూనే ఉంది.

సరే, ఉన్న దారి సమాచార హక్కు చట్టం. శ్రీవిజయపురం జంగ్లీఘాట్‌లో ఉండే మన శ్రీకాకుళం మత్స్యకారుడొకడు, తన వీధి చివర స్టేషనులో బండి ఎందుకు కదలడం లేదో తెలుసుకోవాలనుకున్నాడనుకోండి. పది రూపాయలు కట్టి దరఖాస్తు పెడతాడు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు అదే శాఖ పై అధికారికి. అక్కడా కుదరకపోతే రెండో అప్పీలు కేంద్ర సమాచార కమిషన్‌కు, ఢిల్లీకి. కోర్టుకెళతానంటే హైకోర్టు కలకత్తాది. దాని సర్క్యూట్ బెంచి ద్వీపంలో కూర్చుంటుంది. అధికారులది అరుణాచల్, గోవా, మిజోరం, కేంద్రపాలిత ప్రాంతాలన్నీ కలిసిన ఉమ్మడి కేడరు. దరఖాస్తు ఢిల్లీ చేరేలోపు దానికి జవాబు చెప్పాల్సిన అధికారి ఈటానగర్ చేరి ఉండొచ్చు. వీధి చివర ఉన్న సమాచారం వీధి మొదటికి రావడానికి రాజధాని చుట్టి రావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. ఇక్కడైతే పూజారికి బదిలీ కూడా అయిపోతుంది.

అప్పుడు బ్రహ్మాస్త్రం వస్తుంది: దేశభద్రత. బోట్లెన్నో చెబితే శత్రువుకు తెలిసిపోతుందట. ఈ వాదన వినగానే నాకు శత్రువు మీద జాలేస్తుంది. పాపం, అతనికి ఉపగ్రహాలు లేవు, చదువు రాదు. ఎందుకంటే పోలీసు పరిశోధనా అభివృద్ధి సంస్థ ఏటా అచ్చేసే పోలీసు వ్యవస్థల గణాంకాల పుస్తకం చదివుంటే రాష్ట్రాలవారీగా బలగం, వాహనాలు, బడ్జెట్ అన్నీ అతనికెప్పుడో తెలిసేవి. 2020 జనవరి 1 నాటికి దేశంలోని 16,833 స్టేషన్లలో 257కి బండి లేదనీ, 638కి టెలిఫోను లేదనీ, 143కి వైర్‌లెస్ గానీ మొబైల్ గానీ లేదనీ పార్లమెంటరీ స్థాయీ సంఘమే బయటపెట్టింది. ఆ వార్త చదివి ఏ శత్రువూ దండెత్తి రాలేదు. బహుశా నమ్మి ఉండడు. అమెరికా సైన్యం తన వాడకం తీరిన తుపాకులు, కవచవాహనాలు ఏ ఊరి పోలీసుకు ఎన్ని ఇచ్చిందో జాబితాగా ప్రకటిస్తుంది. కాలిఫోర్నియాలో 2021 నుంచి అలాంటి పరికరాల పట్టికను స్థానిక సభ ముందు పెట్టి అనుమతి పొందాలని చట్టమే ఉంది. అక్కడి పోలీసులు దేవతలేమీ కాదు. వాళ్ల చేతుల్లో పోతున్న ప్రాణాల సంగతి లోకానికి తెలుసు. అది తెలియడానికి కారణం కూడా ఎవరో లెక్క రాయడమే.

జాతీయ పుస్తకంలో అండమాన్‌కు ఒక వరస ఉంటుంది. రాష్ట్రాలన్నీ అయ్యాక, కేంద్రపాలిత ప్రాంతాల పట్టికలో మొట్టమొదట. దిగ్లీపూర్ నుంచి క్యాంప్‌బెల్ బే దాకా అంతా ఆ ఒక్క వరసలోనే. స్టేషనువారీగా ఏముందో ఆ వరస చెప్పదు. రాష్ట్రాలను వడపోసి మార్కులేసే ఇండియా జస్టిస్ రిపోర్టు 2025లో పోలీసింగ్‌లో తెలంగాణకు మొదటి స్థానమిచ్చింది. మనవాళ్లు పండగ చేసుకున్నారు. అండమాన్‌కు అసలు ర్యాంకే లేదు, అది రాష్ట్రం కాదు కనుక. పరీక్ష రాయనివాడు తప్పడు కదా.

ఈ గోప్యతవల్ల నష్టపోయేది సామాన్యుడొక్కడే అనుకుంటే పొరపాటు. మొదట నష్టపోయేది కానిస్టేబులు. ఆ ద్వీపాల్లో బ్రిటిష్ కాలం నుంచీ బుష్ పోలీస్ అని ఒక దళం ఉండేది. అడవి అంచున వెదురు గుడిసె ఔట్‌పోస్టుల్లో నెలల తరబడి గడిపారు. 2004 డిసెంబరు 26 సునామీలో ఫోన్లన్నీ తెగిపోయినప్పుడు నికోబార్ దీవుల మాట బయటికి తెచ్చినవాటిలో పోలీసు వైర్‌లెస్ ఒకటి. ఇవాళ కూడా జెట్టీ లేని దీవిలో దిగి నడుంలోతు నీళ్లలో నడిచేది డి.జి.పి. కాదు. ఆ నడిచే కానిస్టేబులుకు క్వార్టరుందా, లైఫ్ జాకెట్ ఎన్నేళ్ల పాతది, సెలవు ఎప్పుడు దొరికింది అన్న లెక్కలు బయటికొస్తే ముందు లాభపడేది అతనే. పై అధికారి సభలో ‘పరికరాలన్నీ ఉన్నాయి’ అంటే, లేనివాటితో డ్యూటీ చేసిన కానిస్టేబులే రేపు తప్పుచేసినవాడవుతాడు. లెక్క దాచడం శాఖ గౌరవాన్ని కాపాడటం కాదు, పై కుర్చీని కాపాడటం.

పోలీసు మీద ఫిర్యాదు పోలీసుకే ఇవ్వాల్సిన దుస్థితి తప్పించడానికి ఒక ప్రయత్నం జరగకపోలేదు. ప్రకాశ్ సింగ్ అనే విశ్రాంత డి.జి.పి. 1996లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలిచ్చింది. రాష్ట్రస్థాయిలో, జిల్లాస్థాయిలో పోలీసు ఫిర్యాదుల సంస్థలు పెట్టమంది. పోలీసు పనితీరును బేరీజు వేసే భద్రతా కమిషన్ పెట్టి, దాని నివేదికను ఏటా శాసనసభ ముందు ఉంచమంది. అండమాన్‌కు శాసనసభ లేదని మొదట్లోనే చెప్పుకున్నాం. నివేదిక ఎవరి ముందు ఉంచాలి? సముద్రం ముందు ఉంచితే అలలకు తడుస్తుంది. తెలుగు రాష్ట్రాలకైతే శాసనసభలున్నాయి. అక్కడ ఇలాంటి నివేదిక మీద ఎప్పుడైనా వాడిగా చర్చ జరిగినట్టు మీకు గుర్తుంటే నాకు రాయండి, అచ్చేయిస్తాను.

కొత్త చట్టాలు కావాలి, కొత్త సంస్కరణలు రావాలి అని నేనంటే పెద్దలు సంతోషిస్తారు. కమిటీ వేస్తారు, కమిటీకి కారు ఇస్తారు, ఆ కారు పెట్రోలు లెక్క మళ్లీ దొరకదు. అందుకే కొత్తదేదీ అడగడం లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన బడ్జెట్ కేటాయింపులు, ఖర్చు, సిబ్బంది, వారి జీతాలు, నిర్ణయాలు తీసుకునే పద్ధతి, అన్నీ ఎవరూ అడక్కుండానే ప్రచురించాలి, ఏటా తాజాపరచాలి. చట్టం 2005 జూన్‌లో వచ్చింది. మొదటిసారి ప్రచురించడానికి ఇచ్చిన గడువు 120 రోజులు. ఆ గడువు 2005 అక్టోబరులో ముగిసింది.